ఏ బాయి?

తడిసిపోతుందేమోనని కిరాయిదారుడి మంచం కింద నుంచి బయటికి లాగిన మూట చినిగి, దెబోరా పాదాల మీద గంజాయి రాలింది.

ఆమె వచ్చింది నీళ్ల సంగతి చూడటానికి. వెనక గది గడప కింద నుంచి వసారాలోకి నీళ్లు పారుతుంటే, లోపల నల్లా పైపు పగిలిందని అర్థమైంది. కిరాయికున్న కొండల్ ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. మారుతాళంచెవి తన దగ్గరే ఉంది. తలుపు తీసి, పైపుకు పాతగుడ్డ గట్టిగా చుట్టి, నేల మీది సామాను ఒక్కొక్కటే మంచం పైకి ఎక్కిస్తూ ఈ మూట మీద చెయ్యి వేసింది. వంగి చూస్తే అలాంటి మూటలే గోడ దాకా ఉన్నాయి.

పొరపడిందేమో అనుకోవడానికి లేదు. పోయిన నెలే బెల్లంపల్లి చర్చి హాల్లో పోలీసుల మీటింగు జరిగింది. ఎస్సై అరుణ్‌కుమార్ ఒక గాజుసీసాలో గంజాయి తెచ్చి, మూత తీసి, అందరికీ వాసన చూపించాడు. ముందు వరసలో ఉన్న దెబోరాకు తుమ్ము వచ్చింది. హాలంతా నవ్వింది. ఇప్పుడూ అదే తుమ్ము వచ్చింది. నవ్వడానికి ఎవరూ లేరు.

ఆ మీటింగులో ఎస్సై ముఖ్యంగా మాట్లాడింది ఇంటి యజమానులతోనే.

"ఇల్లు కిరాయికిచ్చేటోళ్లే మాకు కండ్లు. ఆధార్ తీసుకోండ్రి. ఎక్కడ పనిచేస్తున్నడో ఆడికి పోయి అడుగుండ్రి. నెలకోపారి ఏదో వంక పెట్టి గది సూడుండ్రి. ఎరికుండి కూడ ఊకున్నరంటే మీరు గూడ ముద్దాయిలే. ఇంకో మాట. పగలంత కిటికీలు మూసుకొని పండుకొని, రాత్రంత బయట ఉండేటోడు కనబడితే మాకు ఫోన్ చెయ్యుండ్రి."

చివరి మాటకు వెనక వరస నుంచి బాలవ్వ లేచింది. "సారూ, గట్లయితే ముందుగాల మా ఆయనను తీస్కపోండ్రి. ఇరవై ఏండ్ల సంది నైట్ షిఫ్టే!"

మళ్లీ నవ్వులు. ఎస్సై కూడా నవ్వాడు. బొగ్గుగనుల ఊళ్లోకొచ్చి చెప్పాల్సిన మాటేనా అది? ఆ రోజు అందరికన్నా గట్టిగా నవ్వింది దెబోరా. మీటింగు అయ్యాక ఎస్సైకి చాయ్ కూడా ఆమే అందించింది.

కొండల్ వానాకాలం మొదట్లో ఆసిఫాబాద్ దిక్కు నుంచి వచ్చాడు. సన్నటి మనిషి, తల ఎత్తి మాట్లాడడు. గేటు బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఏం పని చేస్తవ్ బిడ్డా?"

"బాయికాడ పనమ్మా. రాత్రిపూట."

అంతే. ఇంకో ప్రశ్న అడగలేదు. ఆమె భర్త జేమ్స్ చివరిదాకా బొగ్గుబాయిలో పనిచేశాడు. ఆమె తండ్రిదీ బాయి పనే. గని అని పేపర్లో రాస్తారేమో గానీ ఈ ఊళ్లో ఎవరి నోట విన్నా బాయే. బాయి మనిషికి గది ఇవ్వడానికి కాయితాలు అడిగితే జేమ్స్ పైనుంచి నవ్వుతాడనుకుంది. పగలు వెలుతురు పడకుండా కిటికీకి జేమ్స్ పాత రగ్గు తనే కట్టింది. వీధిలో పిల్లలు గోల చేస్తే, "లొల్లి బంద్ జెయ్యుండ్రి రా, బాయి మనిషి పండుకున్నడు!" అని గదిమింది. రోజూ పొద్దున, అతను వచ్చే వేళకు, కిటికీలో ఒక బెల్లం ముక్క పెట్టింది. బొగ్గుదుమ్ము గొంతులో నిలవకుండా జేమ్స్‌కు పెట్టినట్టే.

దొంగకు దుప్పటి కప్పి, పిల్లల్ని ఊరుకోబెట్టి, నోరు తీపి చేసింది తనే. దెబోరా గది తాళం వేసి, పక్క వీధిలో ఉండే మరిది జాన్సన్‌కు ఫోన్ చేసింది.

జాన్సన్‌ది జిరాక్సు దుకాణం. పాస్టరు రాని ఆదివారాల్లో వాక్యం చెప్పేది కూడా అతనే కాబట్టి, ఏ సంగతైనా ఒక మెట్టు పైనుంచి మాట్లాడటం అలవాటు. గదిలోకి తొంగి చూసి బయటికి వచ్చేసరికి ఆ మెట్టు కాస్తా మాయమైంది.

"వదినె, ఎవలికి చెప్పకు. నా బండి మీద ఏసుకపోయి వాగుల పారేస్తా."

"పట్టపగలా?"

"ఎవలన్న అడిగితే వరిగడ్డి అంటా."

"వరిగడ్డి వాగుల ఎందుకు పారేస్తున్నవంటే?"

"బర్రెకు ఏస్తున్న అంటా."

"వాగుల నీకు బర్రె ఉన్నదా జాన్సన్?"

జాన్సన్ వసారాలో కూలబడ్డాడు. గొంతు తగ్గించి అసలు మాట అన్నాడు. "నీ గురించి నా గురించి గాదు వదినె. మహిమ గురించి ఆలోచించు. పోలీసు ఉద్యోగమొచ్చింది పిల్లకు. గీ వారంల వెరిఫికేషన్‌కు వస్తరు. ఇంట్ల గంజాయి దొరికిందని రాసినంక, ఆ ఉద్యోగం ఉంటదా?"

దెబోరా భయం కూడా అదే. మహిమ మొదటిసారి పోలీసు పరుగు పరీక్షలో తప్పింది. రెండోసారికని తెల్లారక ముందే గ్రౌండుకు పోయేది. చీకట్లో ఒంటరిగా ఎందుకని దెబోరా కూడా వెంట పోయి, గ్రౌండు అంచున మెట్టు మీద కూతురి చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఎండాకాలం, వానాకాలం, చలికాలం. కానిస్టేబుల్‌గా సెలక్టయిన రోజున మహిమ, తల్లి చెప్పులు తన ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

ఇవాళ మహిమ మెడికల్ పరీక్షకని కరీంనగర్‌లో ఉంది. చెప్పకుండా ఉండలేక దెబోరా ఫోన్ కలిపింది.

అంతా విని మహిమ అడిగిన మొదటి మాట: "అవ్వా, నువ్వు ముట్టినవా?"

"కాళ్ల మీద పడ్డది బిడ్డా."

"కడుక్కోకు. గట్లనే ఉండు. గది తాళం తియ్యకు. చిన్నబాపును ఏం ముట్టనియ్యకు. ఇప్పుడే ఠాణాకు ఫోన్ కొట్టు."

"నీ ఉద్యోగం..."

"ఏం ఉద్యోగం అవ్వా నాది? గంజాయి దాచిపెట్టి పోలీసైతనా?" ఒక క్షణం ఆగింది. "పోతే పోనియ్యి."

ఆ 'పోనియ్యి' చివర గొంతు సన్నబడటం దెబోరాకు వినబడింది. తల్లికి వినబడనివ్వద్దని మహిమ వెంటనే ఫోన్ పెట్టేసింది.

దెబోరా ఠాణాకు ఫోన్ చేసింది. అరుణ్‌కుమారే ఎత్తాడు. "సాక్షులను తీస్కొని రావాలెనమ్మా. తహశీల్దార్ ఆఫీసుకు పోయి వస్తం, జర టైమ్ పడ్తది. నడుమ ఆ కిరాయి మనిషి వస్తే ఏం అనకుండ్రి. రోజు ఎట్లుంటరో గట్లనే ఉండుండ్రి."

రోజూలాగే ఉండాలంటే బెల్లం పెట్టాలి. వంటింట్లోకి పోయి డబ్బా మూత తీస్తుంటే అది జారి కింద పడి దొర్లింది. తలుపు వెనక నక్కిన జాన్సన్ ఎగిరిపడ్డాడు.

"నువ్వు ఇంటికి పోరాదు జాన్సన్."

"నిన్నిడిసి ఎట్ల పోత వదినె?" అన్నాడు గానీ తలుపు వెనక నుంచి కదలలేదు.

బండి చప్పుడైంది.

కొండల్ గేటు తీసి బండి లోపలికి నెట్టుకుంటూ వచ్చాడు. తలకు తువ్వాల, కండ్ల కింద నిద్రలేమి. దెబోరా అతన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. చీలమండల దాకా ఎండిన రేగడి మట్టి. చొక్కా భుజానికి అంటుకున్న పత్తి పింజె. ఇవి ఇదివరకు చూడలేదా? చూసింది. పింజె పరుపులోదనుకుంది, మట్టి దారిలోదనుకుంది. అతను బట్టలు ఉతికిన నీళ్లు ఈ వసారా పక్క మోరీలోనే పారేవి. జేమ్స్ బట్టలు పిండితే మోరీ నల్లగా పారేది, ఎన్నిసార్లు జాడించినా ఇంకా నల్లగానే వచ్చేది. కొండల్ వచ్చాక ఆ మోరీలో ఒక్కసారి కూడా నల్లనీళ్లు పారలేదు. డ్యూటీ దగ్గరే స్నానం చేసి బట్టలు మార్చుకుని వస్తాడనుకుంది. తనకు తానే జవాబు చెప్పుకుని తృప్తిపడింది.

"ఇదో బిడ్డా," అని బెల్లం ముక్క చేతికిచ్చింది.

కొండల్ దాన్ని నోట్లో వేసుకోలేదు. ఎప్పుడూ కిటికీలో ఉండేది ఇవాళ చేతికి రావడం అతనికి కొత్తగా అనిపించినట్టుంది. "ఏందమ్మా, గట్ల కూసున్నవ్? పానం బాగలేదా?"

ఏమీ అనవద్దన్నాడు ఎస్సై. దెబోరా అనదలచుకోలేదు కూడా. కానీ వానాకాలంలో అడగాల్సిన ప్రశ్న ఆమె గొంతులో ఇన్నాళ్లూ ఆగి ఉన్నట్టు, దానంతటదే బయటికి వచ్చింది.

"ఏ బాయి కొండలూ?"

"ఆఁ?"

"గదే. బాయికాడ పని అన్నవు గదా. ఏ బాయి? ఫస్టునాడు అడగకపోతి."

బొగ్గుబాయి మనిషి అయితే నిద్రలో లేపి అడిగినా బాయి నంబరు చెబుతాడు. కొండల్ కూడా ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు.

"రాములు పటేల్ బాయి."



"బొగ్గుబాయికి పటేల్ ఉంటడా?" అంది దెబోరా.

"బొగ్గుబాయి అని నేనెన్నడన్ననమ్మా?" అన్నాడు కొండల్ నెమ్మదిగా. "మా దిక్కు బాయికాడ అంటే చేను. వ్యవసాయం బాయి."

దెబోరాకు నవ్వు రాలేదు, కోపం కూడా రాలేదు. ఒక్క ముక్క మాట. ఆసిఫాబాద్ పల్లెలో ఆ మాట అంటే మోటారు, చేను, పత్తి. ఈ వీధిలో ఆ మాట అంటే జేమ్స్. అతను ఒక బాయి చెప్పాడు, తను ఇంకో బాయి విన్నది. ఆ రెండు బాయిల నడుమ మంచం కింద మూటలు పేరుకున్నాయి.

కొండల్ గది వైపు చూశాడు. గడప ముందు తడి ఆరలేదు.

"నల్లా పైపు పగిలింది," అంది దెబోరా. అబద్ధం కాకపోయినా గొంతు అబద్ధంలాగే పలికింది.

అతని చూపు తడి మీద నుంచి జరిగి ఆమె పాదాల దగ్గర ఆగింది. మహిమ కడుక్కోవద్దన్న పాదాలు. వేళ్ల సందుల్లో ఎండు ఆకుపచ్చ పొడి.

కొండల్ చేతిలో బెల్లం అలాగే ఉంది. రెండో చెయ్యి బండి హ్యాండిలు మీదికి పోయింది.

అప్పుడే వంటింట్లోంచి జాన్సన్ బయటికి దూకాడు, చేతిలో రొట్టెల కర్ర. "కదిలినవంటే తలకాయ పలుగుతది! నేను... నేను ఒక్కణ్ణే లేను, లోపల ఇంకా మస్తుమందిమి ఉన్నం!"

"నువ్వుండు జాన్సన్," అంది దెబోరా అతని వైపు చూడకుండానే. జాన్సన్ కర్రతో సహా ఆగిపోయాడు.

"పోతే పో కొండలూ. నిన్ను పట్టుకునేటంత బలం నాకు లేదు. ఠాణాకు చెప్పిన, వస్తున్నరు. ఎప్పటికైనా దొరుకుతవు. దొరికిననాడు ఒక్కమాట చెప్పు, నాకు ఎరుక లేదని. నా కోసం గాదు. నా బిడ్డకు పోలీసు ఉద్యోగం వచ్చింది. నేను ముద్దాయినైతే పిల్ల బతుకు ఆగమైతది."

కొండల్ తల దించుకున్నాడు. "పట్టుబడితే నీ పేరే చెప్పుమన్నడమ్మా పటేల్."

"నా పేరా?"

"ఇంటామెకు అంత ఎరుకే, ఆమెనే పెట్టుకొమ్మన్నదని చెప్పు. ఆడమనిషి, పెద్దమనిషి, చర్చికి పోయేటామె, కేసు పల్చగైతది అన్నడు. గట్ల చెప్తెనే నా పని చేసిపెడ్త అన్నడు."

ఏం పని అని అడిగేలోపు వీధి మొదట్లో జీపు తిరిగింది. కొండల్ బండి వైపు చూశాడు, గేటు వైపు చూశాడు, చేతిలో బెల్లం వైపు చూశాడు. పారిపోలేదు. బండికి స్టాండు వేసి, వసారా మెట్టు మీద కూర్చున్నాడు. ఎందుకు పారిపోలేదో, కూర్చుని ఏం చెప్పబోతున్నాడో దెబోరాకు అంతుపట్టలేదు. అతను ఏం చెబితే అది రాసుకుంటారు. తన ఇల్లు, మహిమ యూనిఫారం, అన్నీ ఇప్పుడు ఈ మెట్టు మీద కూర్చున్న మనిషి నోట్లో ఉన్నాయి.

అరుణ్‌కుమార్ పని వేగంగా చేశాడు. సాక్షుల ముందు తలుపు తీయించాడు, మూటలన్నీ వసారాలోకి తెప్పించాడు. దెబోరా పాదాల మీది పొడి కూడా కాగితంలోకి దులిపించి కట్టించాడు. వీధిలో జనం చేరారు. బాలవ్వ గేటు పట్టుకుని నిలబడింది, ఈసారి జోకు వెయ్యలేదు.

"ఆధార్ తీసుకున్నరా అమ్మా?" అడిగాడు ఎస్సై.

"లేదు సారు."

"అగ్రిమెంటు?"

"లేదు."

"పనిచేసే కాడ అడిగిండ్రా?"

దెబోరా తల అడ్డంగా ఊపింది.

"మీటింగుల ముందు వరసల కూసున్నరు గదమ్మా మీరు." అతని గొంతులో కోపం కంటే బాధే ఉంది. "ఇన్ని మూటలు మీ ఇంట్లకు వచ్చి పడితే మీకు ఎరుకే లేదంటే ఎవలు నమ్ముతరు? దొరికిన ప్రతి ఇంటోళ్లు గిదే మాట చెప్తరు."

"సారు, మా వదినె సంఘంల..." అని మొదలుపెట్టిన జాన్సన్‌ను ఎస్సై చూసిన చూపుకు, అతను రొట్టెల కర్రను వీపు వెనక దాచుకున్నాడు.

దెబోరా దగ్గర ఉన్నది ఒక్క మాటే. బాయి అన్నాడు, నేను బాయి అనుకున్నాను. ఈ మాట ఏ కోర్టులో నిలబడుతుంది?

మెట్టు మీద నుంచి కొండల్ లేచాడు.

"సారూ, నేను చెప్త. రాసుకోండ్రి."

ఎస్సై సైగ చేస్తే కానిస్టేబుల్ పెన్ను తీశాడు. కొండల్ బెల్లం ముక్కను జాగ్రత్తగా చొక్కా జేబులో వేసుకుని, దెబోరా వైపు చూడకుండా, మోరీ వైపు చూస్తూ చెప్పుకుపోయాడు.

"నా పేరు కొండల్ సారు. మాది ఆసిఫాబాద్ దిక్కు పల్లె. రాములు పటేల్ చేన్ల రాత్రి కావలి ఉంట. పందులు పడకుంట కావలి అని పేరు. పత్తి సాళ్ల నడుమ గంజాయి పెట్టిండు, నా కావలి దానికి. కోసుడు, ఎండబెట్టుడు, మూట కట్టుడు అన్ని నేనే చేసిన. ఊర్లె మీరు ఇల్లిల్లు సూస్తున్నరని, మాల్ బెల్లంపల్లిల దాచుమన్నడు. దాచిన. ఎవలు కొట్టలే, తిట్టలే. ఎరికుండే చేసిన.

"నా పెండ్లాం వినోద దుబాయిల ఒకలింట్ల పనికి పోయింది సారు. వస్తనంటే ఆ ఇంటోళ్లు పాస్‌పోర్టు ఇస్తలేరు. ఫోన్ల మాట్లాడితే పక్కన ఎవలో ఉంటరు, ఏడ్వను గూడ ఏడ్వది. మంచిగున్న అంటది. ఎంబసీకి రాసిన, ఏజెంటు కాళ్లు మొక్కిన, రాలే. పటేల్ అన్నడు, నాకు ఆడ మనుషులున్నరు, నీ పెండ్లాన్ని నేను తెప్పిస్త, నువ్వు నా మాల్ సూడు అని. గందుకు ఒప్పుకున్న.

"గీ అమ్మ ఏం పని అని అడిగితే బాయికాడ అన్న. ఆనాడు అబద్ధం ఆడలే. తెల్లారి కిటికీల బెల్లం ముక్క ఉండె. ఎందుకమ్మా అంటే, బొగ్గుదుమ్ము గొంతుల నిలవద్దు బిడ్డా అన్నది. అప్పుడు సమజైంది నాకు, ఈమె వేరే బాయి అనుకున్నదని. గప్పుడే చెప్పాలె. చెప్పకుంట బెల్లం తిన్న. నా అబద్ధం ఆడ మొదలైంది సారు. నోటితోటి చెప్పలే, నోట్లె ఏసుకున్న. రోజు ఏసుకున్న.

"పగటీలి పిల్లలను గదిమేది, బాయి మనిషి పండుకున్నడు లొల్లి చెయ్యకుండ్రని. నాకు నిద్ర పట్టకపోయేది. మూటల మీద పండుకొని ఇనుకుంట ఉండేటోణ్ణి. ఖాళీ చేసి పోదాం అనుకున్న శాన సార్లు. గింత మంచి జాగ మళ్ల దొరకదు అన్నడు పటేల్. ఎవలు అనుమానపడరు, ఆ ఊర్లె అందరు పగటీలే పండుకుంటరు అన్నడు. ఆయన అన్నది నిజమే.

"పట్టుబడితే ఈమె పేరు చెప్పుమన్నడు. చెప్తెనే వినోదను తెప్పిస్తడట. చెప్పకుంటే ఇగ రాదు, నాకు ఎరుకే. పొద్దుగాల బండి మీద వచ్చేటప్పుడు అడిగి ఉంటే నేను ఈమె పేరే చెప్తుంటి. అబద్ధం ఎందుకు, చెప్తుంటినే. కాని ఇయ్యాల గంజాయి కాళ్ల మీదుండంగ గూడ నాకు బెల్లం తెచ్చి చేతుల పెట్టింది. మీరు పెట్టుమన్నరో, తనే పెట్టిందో నాకెందుకు. పెట్టింది.

"నా ఫోన్ మీరు గుంజుకుంటరు. శుక్రారం వినోద చేస్తది. ఎత్తి, మంచిగున్నడు అని చెప్పుండ్రి సారు, ఇంకేం చెప్పకుండ్రి. ఇగ రాసుకోండ్రి. మాల్ పటేల్‌ది, పెంచింది నేను, దాచింది నేను. ఇంటామెకు ఎరుక లేదు. ఆమెకు ఒక్కటే బాయి ఎరుక సారు, ఆమె పెనిమిటి దిగిన బాయి."